తెలిసి చేయని తప్పు

రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకు సెలవని 2015 సెప్టెంబరు నుంచి అమలు చేసినప్పుడు, ఆ సెలవుల్ని ఏం చేసుకోవాలో తోచక బీరువాలో పాత కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఏడాదిగా మాత్రం ఆ రోజుల్లో హోసూరులో బస్సెక్కి బెంగుళూరు వెళుతున్నాను. మా అబ్బాయి అద్దెకుంటున్న ఇంట్లో అతని స్నేహితులు చేరి, మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా ఒక ఆట ఆడతారు. మొదట్లో మా ఆవిడ చేసిచ్చిన చేగోడీల డబ్బా అందించి వచ్చేద్దామని వెళ్ళినవాణ్ణి, ఇప్పుడు ఆటలో ఒక పాత్రధారిని. యాభై ఏడేళ్ళ వయసులో ఇదేం పిల్లచేష్ట అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకు నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఆ ఆటలో నాకెదురైన ఒక చిక్కు నిద్రపట్టనివ్వకుండా చేసింది. దాన్ని మన పాఠకుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా 1974లో మొదట అచ్చయింది. దీనికి చదరంగంలా పటం తప్పనిసరి కాదు. ఒకరు కథ నడుపుతారు. "మీ ఎదుట ఇనుప తలుపుంది, లోపల ఎవరో మూలుగుతున్నారు, ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కట్టి, నేనిది చేస్తాను, నేనది చేస్తాను అని చెబుతారు. ఆ ప్రయత్నం ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. గెలిచినవాడంటూ, ఓడినవాడంటూ ఎవరూ ఉండరు. వీధి నాటకానికి పద్యాలు, సంభాషణలు ముందుగా రాసుకోకుండా నటులే అప్పటికప్పుడు కల్పించుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గర వైకుంఠపాళి ఆడేవాళ్ళం. అదీ పాచికల ఆటే, అదీ పాపపుణ్యాల ఆటే. కాని అందులో పాము నోట పడ్డవాడు చేసిన పాపమేమిటి? నాలుగు పడవలసిన చోట ఐదు పడింది, అంతే. ఈ అమెరికా ఆటలో ఆ సౌకర్యం లేదు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. కత్తి ఎత్తాలా వద్దా అన్నది మనమే చెప్పాలి.

నాకు వేషం ఎంచి పెట్టేటప్పుడు మా అబ్బాయి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నాన్నా, నువ్వు పాలడిన్" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వెందుకో అప్పుడు నాకు తెలియలేదు.

పాలడిన్ అంటే దైవానికి ప్రమాణం చేసి ధర్మం కోసం కత్తి పట్టిన వీరుడు. రాజప్రాసాదానికి చెందినవాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కొలువులో ఉన్నట్టు గాథలు చెప్పే పన్నెండుమంది వీరులను అలా పిలిచేవారు. వాళ్ళలో పేరుపడ్డవాడు రోలాండు. 778లో స్పెయిన్ నుంచి తిరిగి వస్తున్న షార్లమేన్ సేన వెనుకభాగం పిరెనీస్ కొండల్లో ఒక కనుమ దగ్గర హతమైంది. చరిత్ర ప్రకారం దాడి చేసినవాళ్ళు బాస్క్ జాతివాళ్ళు. తరవాత కొన్ని శతాబ్దాలకు పుట్టిన ఫ్రెంచి గాథలో వాళ్ళు ముస్లింలైపోయారు, అది వేరే కథ. ఆ గాథలో మిత్రుడు ఆలివర్, సాయానికి కొమ్ము ఊదమని రోలాండును బతిమాలతాడు. ఊదితే పరువు పోతుందని రోలాండు ఊదడు. చివరికి ఊదేసరికి ఊదినా ఒకటే, ఊదకపోయినా ఒకటే. అతని వీరవ్రతం నిలిచింది, అతని వెంట ఉన్నవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. ఈ సంగతి మళ్ళీ వస్తుంది కనుక పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

పోల్ ఆండర్సన్ అనే అమెరికన్ రచయిత 1961లో పుస్తకంగా తెచ్చిన ఒక కాల్పనిక నవల ద్వారా ఈ వీరుడు గైగాక్స్ కంటపడ్డాడు. 1975లో ఆటకు వచ్చిన అనుబంధ పుస్తకంలో పాలడిన్ చేరాడు. 1978 నాటి నియమాల పుస్తకంలో అతనికి పెట్టిన షరతులు చదువుతుంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చేతికిచ్చిన ప్రవర్తనా నియమావళి గుర్తొచ్చింది. వచ్చిన సొమ్ములో పదోవంతు వెంటనే ధర్మకార్యానికి ఇచ్చెయ్యాలి. పొదుపుగా బతకడానికీ, కొలువువాళ్ళ జీతాలకూ, ఒక చిన్న కోటకూ సరిపడా తప్ప మిగులు దగ్గర ఉంచుకోకూడదు. మంత్రశక్తి గల వస్తువులు పదికి మించకూడదు. అధర్మపరులతో పొత్తు కూడదు. ఇన్నిటికీ ప్రతిఫలంగా అతను చేయి వేస్తే గాయాలు మానతాయి, రోగం అతన్ని అంటదు, చెడు ఎక్కడుందో పసిగట్టగలడు, కొంత అనుభవం వచ్చాక ఒక మేలుజాతి యుద్ధాశ్వం అతని పిలుపుకు వస్తుంది.

అసలు షరతు చివర ఉంది. నియమం తప్పే పని తెలిసి చేస్తే గురువు దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవచ్చు. కాని తెలిసి, ఇష్టపూర్వకంగా పాపకార్యం చేస్తే ఆ క్షణంలోనే పాలడిన్ హోదా పోతుంది, మళ్ళీ రాదు. ఆ 'తెలిసి' అన్న మాట కింద నేను పెన్సిలుతో గీత గీసుకున్నాను. ఎందుకు గీశానో అప్పటికి నాకే తెలియదు.

పాలడిన్‌ను తెలుగులో ఏమనాలని ఆలోచిస్తే వెతుక్కోనక్కరలేకుండా మాట దొరికింది. మన అలంకారికులు వీరరసాన్ని దానవీరం, దయావీరం, యుద్ధవీరం, ధర్మవీరం అని నాలుగుగా చెప్పారు. కళింగదేశపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ధర్మవీరుడికి చూపిన ఉదాహరణ యుధిష్ఠిరుడు. నిజానికి ఆయన కథకు మించిన పాలడిన్ కథ లేదు. అంతదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం, ద్రోణుడితో అన్న ఒక్క మాటతో నేలకు దిగిపోయింది. గైగాక్స్ మహాభారతం చదివాడని నేననను. కాని రెండు చోట్లా లెక్క ఒకటే: ఒక్క పద్దు తప్పితే ఖాతా పోతుంది.

ఈ ఆట ఆడేవాళ్ళలో అర్ధశతాబ్దంగా నలుగుతున్న ధర్మసందేహాలు చాలా ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసింది గోబ్లిన్ పిల్లలది. గోబ్లిన్లంటే గుహల్లో ఉండే పొట్టి రాక్షసజాతి. 1980 ప్రాంతంలో కొత్తవాళ్ళ కోసం గైగాక్స్ స్వయంగా రాసిన ఒక కథాపథకంలో వీరులు అలాంటి గుహల మీద దాడి చేస్తారు. అక్కడ యోధులే కాదు, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉంటారు. పెద్దలంతా హతమయ్యాక ఆ పిల్లల్ని ఏం చెయ్యాలి? పుట్టుకతోనే దుష్టజాతి అని నియమాల పుస్తకం రాసింది. చంపితే నిరాయుధుల్ని చంపినట్టు. వదిలితే, పెరిగి పక్క ఊరి మీద పడితే ఎవరిది బాధ్యత? అనాథాశ్రమం పెడతామన్న పాలడిన్లు కూడా ఉన్నారట. నాకు ఆ జవాబు నచ్చింది గాని, కథ నడిపేవాళ్ళకు విసుగట.

2008లో మరణించిన గైగాక్స్ చివరి సంవత్సరాల్లో ఆటగాళ్ళ ప్రశ్నలకు జవాబులిస్తూ, పాలడిన్ అలాంటివాళ్ళను చంపినా దోషం లేదనే ధోరణిలో మాట్లాడాడు. ఈపులను వదిలితే పేలవుతాయనే పాత సామెతను ఉదహరించాడు. లొంగిపోయి మంచిదారికి వస్తామన్న ఖైదీలను కూడా, మళ్ళీ మనసు మారకముందే పరలోకానికి పంపవచ్చన్నాడు. ఆ పేల సామెత పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాక నాకు ఒళ్ళు జలదరించింది. 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరపహో తెగల విడిదిపై దాడి చేసి ఆడవాళ్ళనూ పిల్లలనూ ఊచకోత కోసిన సేనకు అధిపతి షివింగ్టన్ పేరుతో ఆ మాట ప్రచారంలో ఉంది. ఆయన పూర్వాశ్రమంలో క్రైస్తవ మతబోధకుడు. తను ధర్మం పక్షాన ఉన్నానని ఆయనకేమీ అనుమానం ఉండి ఉండదు. ఒక జాతి జాతంతా పుట్టుకతో చెడ్డది అని పుస్తకంలో రాసి పెట్టుకున్నాక, చెడును పసిగట్టే శక్తి పాలడిన్‌కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మన చుట్టూ కూడా అలాంటి పుస్తకాలు చంకన పెట్టుకు తిరిగేవాళ్ళకు కొదవ లేదు గనుక దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

తరవాత తరవాత నియమాలు సడలాయి. 2000లో వచ్చిన మూడో రూపంలో ప్రవర్తనా సూత్రాలు ఉన్నాయి: అబద్ధమాడకూడదు, మోసం చెయ్యకూడదు, విషం వాడకూడదు, ఆపన్నులకు సాయపడాలి. అక్కడే తగాదా పుట్టింది. ఆపన్నుణ్ణి కాపాడాలంటే అబద్ధమాడవలసి వస్తే? కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ పాఠకులు ఎరిగిందే. సత్యవ్రతుడైన ఆ తపస్వి, పారిపోయి దాక్కున్నవాళ్ళు ఎటు వెళ్ళారని దొంగలు అడిగితే నిజం చెప్పాడు. వాళ్ళు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. వ్రతం ఆయనది, ప్రాణాలు వాళ్ళవి. ఇక 2014 నాటి రూపంలో పాలడిన్ దేవుడి ఆజ్ఞకు బదులు తను ఎంచుకున్న ప్రతిజ్ఞకు కట్టుబడితే చాలు. ప్రతీకార ప్రతిజ్ఞ అని కూడా ఒకటుంది. పెద్ద చెడును అంతం చెయ్యడానికి చిన్న నియమాలను పక్కన పెట్టవచ్చునట. తప్పు చేసినంత మాత్రాన శక్తి దానంతటది పోదు, అది కథ నడిపేవారి విచక్షణ. మా పిల్లలు ఆడేది ఈ రూపమే. విచక్షణాధికారం అనే మాట వినగానే మా బ్యాంకువాళ్ళకు చెవులు నిక్కపొడుచుకుంటాయి. అది ఇచ్చేవాడికి బాధ్యత తప్పుతుంది, పుచ్చుకున్నవాడికి నిద్ర తప్పుతుంది. నాకు 1978 నాటి కరకు నియమమే మేలనిపిస్తుంది. కనీసం ఎక్కడ పడతామో తెలుస్తుంది.

ఇక మా ఆట సంగతి. కథ నడిపే అమ్మాయి లా చదివింది, మాతృభాష కన్నడం, తెలుగు మా అందరికన్నా శుభ్రంగా మాట్లాడుతుంది. ఆరోజు కథలో ఒక పల్లె నుంచి ఏడుగురిని గోబ్లిన్లు ఎత్తుకుపోయాయి. తెల్లారేసరికి బలి ఇస్తారు. మాకు ఒక గోబ్లిన్ సజీవంగా చిక్కింది. చోటు చెప్పమంటే చెప్పదు. నేను ధర్మపన్నాలు చెప్పాను, అభయమిచ్చాను, అరగంట గడిచింది. అప్పుడు దొంగ వేషం కట్టిన కుర్రాడు, ఉత్త పుణ్యానికి అందరినీ నవ్వించేవాడు, వంగి దణ్ణం పెట్టి "సామీ, తమరి గుర్రానికి దాహంగా ఉన్నట్టుంది. కాస్త నీళ్ళు పెట్టి రాకూడదా?" అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వులు. ఈ ఆటలో ఇది పాత ఆనవాయితీ అట. పాలడిన్ ఉండగా చెయ్యకూడని పని చెయ్యవలసి వస్తే, ముందు పాలడిన్‌ను ఏదో ఒక వంకతో బయటికి పంపుతారు. నా వేషం ఖాయమైనప్పుడు వాళ్ళు నవ్విన నవ్వు ఇదేనని అప్పుడు తెలిసింది. నేనూ నవ్వాను. "వెళుతున్నాను" అన్నాను. తిరిగి వచ్చేసరికి బలిపీఠం ఎక్కడుందో అందరికీ తెలుసు. గోబ్లిన్ కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. నేను ఊరుకోకుండా దొంగను అందరి ముందూ మందలించాను కూడా. వేషానికి తగిన మాటలు దొరికాయని లోలోపల ముచ్చటపడ్డాను. ఏడుగురూ బతికారు. పల్లెవాళ్ళు పూలదండ నా మెడలో వేశారు.

ఆట ముగిసి అందరూ లేస్తుంటే ఆ అమ్మాయి పాచికలు సంచిలో వేసుకుంటూ, "అంకుల్, మీ వీరుడు బయటికి ఎందుకు వెళ్ళాడు?" అంది.

"గుర్రానికి నీళ్ళు పెట్టడానికి."

"గుర్రానికి దాహం వేసిందా?"

అంతే. ఇంకేమీ అనలేదు. శక్తులు తియ్యలేదు, పాచిక వెయ్యలేదు. నేను హోసూరు బస్సులో కూర్చుని, పెన్సిలు గీత గీసిన 'తెలిసి' అన్న మాట గురించే ఆలోచించాను.

బీకాంలో ఆడిటింగు చదివినవాళ్ళందరికీ 1896 నాటి కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసు నోటికి వచ్చి ఉంటుంది. ఆడిటరు ఇంటి కాపలా కుక్క వంటివాడే గాని వాసన పట్టి తరిమే వేటకుక్క కాడని అందులో జడ్జి అన్నాడు. మార్కులు తెచ్చిపెట్టే వాక్యమది. ఎంతమందికి అది జీవితాంతం అక్కరకొచ్చిందో చెప్పలేను. మన చట్టాలు కూడా ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నిజాయితీగా చేస్తే చాలు, అజాగ్రత్తగా చేసినా అది సద్బుద్ధితో చేసినట్టే. 2024 జూలై దాకా అమలులో ఉన్న శిక్షాస్మృతి మాత్రం, తగిన జాగ్రత్తా శ్రద్ధా లేకుండా చేసినది సద్బుద్ధి కాదంది. దాని స్థానంలో వచ్చిన సంహిత కూడా అదే మాట నిలబెట్టింది. అయితే ఈ రెంటికీ అందనిది ఒకటుంది. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు, తెలియకుండా ఉండటానికి లేచి వెళ్ళిపోవడం వేరు. మూడోదానికి ముందుగా అంతా తెలిసి ఉండాలి. లేకపోతే ఏ క్షణంలో లేవాలో ఎలా తెలుస్తుంది?

ఆ గోబ్లిన్ ముందు నాకు రెండు దారులున్నాయి. ఇది పాపం, చెయ్యనివ్వను అని అడ్డుపడి, ఏడుగురి ప్రాణాల బరువు నెత్తిన వేసుకోవచ్చు. లేదా ఏడుగురి కోసం ఈ పాపం నేనే చేస్తాను, నా హోదా పోతే పోనీ అనవచ్చు. ధర్మరాజు చేసింది రెండోదానికి దగ్గర. అందులోనూ 'కుంజరః' అని గొణిగి సగం మిగుల్చుకోబోయాడు, అయినా రథం దిగింది. స్వర్గారోహణంలో కాసేపు నరకం చూడవలసి వచ్చింది. నేను ఎంచుకున్న మూడో దారిలో ఏడుగురూ దక్కారు, హోదా దక్కింది, పూలదండా దక్కింది. పాపం దొంగ ఖాతాలో పడింది. రెండు పద్దుల విధానంలో ఒక ఖాతాలో జమ ఉంటే ఇంకెక్కడో ఖర్చు ఉండి తీరాలని ముప్ఫై ఏళ్ళుగా కుర్రాళ్ళకు చెబుతున్నవాణ్ణి నేను.

ఇంతవరకు ఆట. ఇప్పుడు రాయబోయేది ఆట కాదు.

సుమారు 20 ఏళ్ళ కిందట నేను ఒక చిన్న ఊరి శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఊరి పేరు, బ్యాంకు పేరు అనవసరం. నగల తాకట్టు అప్పులు అక్కడ జాస్తి. నగల సంచులుండే స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర. ఒకరితో తలుపు తెరుచుకోదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. తల్లి పెట్టిన నగలకు అసలూ వడ్డీ కలిపి మొత్తం డబ్బు తెచ్చింది, రసీదు తెచ్చింది. తల్లి బెంగుళూరు ఆసుపత్రిలో ఉంది. ఆదివారం మనవరాలి పెళ్ళి, నగలు ఆ పిల్లకే. తాకట్టు పెట్టిన మనిషి స్వయంగా రావాలి, లేదా సంతకం సరిచూసుకున్న అధికారపత్రం ఉండాలి. నియమం అది. రెండుసార్లు చెప్పాను. ఆవిడ వెళ్ళలేదు. హాల్లో బెంచీ మీద కూర్చుంది.

సాయంత్రం నగదు లోపల పెట్టడానికి మేమిద్దరం తలుపు తెరిచాం. క్యాషియరు నా మొహం చూడకుండా, "సార్, మిగతాది నేను సర్దుకుంటాను. మీరు వెళ్ళి టీ తాగి రండి" అన్నాడు. తలుపు తెరిచి ఉండగా ఇద్దరిలో ఎవరూ కదలకూడదు. అది కూడా నియమమే. బెంచీ మీద ఆవిడ ఇంకా ఉంది. నేను వెళ్ళి టీ తాగాను. పావుగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీ.

ఆదివారం అతను పెళ్ళికి వెళ్ళకుండా ఆసుపత్రికి వెళ్ళి ముసలామె వేలిముద్ర వేయించుకొచ్చాడు. రెండు నెలలకు ఆమె పోయింది. కొడుకు ఫిర్యాదు పెట్టాడు, తల్లి రాకుండా నగలు ఎలా ఇచ్చారని. విచారణ జరిగింది. క్యాషియరు చేసింది ఒప్పుకున్నాడు. నన్ను అడిగినప్పుడు నేను రాసిచ్చిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "ఆ సమయంలో నేను స్ట్రాంగ్ రూములో లేను, నగలు ఇవ్వడం నేను చూడలేదు." ఒక్క మాట అబద్ధం లేదు. తలుపు వదిలి వెళ్ళినందుకు నాకొక హెచ్చరిక లేఖ వచ్చింది. అతనికి రెండు ఇంక్రిమెంట్లు కోశారు, రావలసిన ప్రమోషను రాలేదు. నాకు ఆ మరుసటి ఏడు వచ్చింది. క్యాషియరు చేసింది తప్పు కాదని నేననడం లేదు. ఆ కొడుకు వాదనలోనూ న్యాయం ఉండవచ్చు. కాని ఆ తప్పు చెయ్యడానికి రెండు తాళంచెవులు కావలసి వచ్చాయి.

తరవాతి శనివారం ఆట మొదలవగానే, నా వీరుడి శక్తులు తీసెయ్యమని ఆ అమ్మాయిని అడిగాను. "ఈ పుస్తకం ప్రకారం అక్కర్లేదు అంకుల్" అంది. పాత పుస్తకం ప్రకారం తియ్యమన్నాను. కాసేపు ఆలోచించి సరేనంది. ఇక నా వీరుడు చెయ్యి వేసినా గాయం మానదు. నాకు మనసు తేలికైంది. కాని రెండు గంటలు తిరక్కుండా ఒక వంతెన దగ్గర మా మీద దాడి జరిగింది. దొంగకు కత్తిపోటు తగిలింది. అలవాటు ప్రకారం అందరూ నా వైపు చూశారు. నా దగ్గర ఏమీ లేదు. మూడుసార్లు పాచిక వేసినా నిలవలేదు, దొంగ చచ్చిపోయాడు. ఆ కుర్రాడు ఎనిమిది నెలలుగా మోసిన పాత్ర అది. ఏమీ అనలేదు, పాత్ర వివరాల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రోలాండు చివరికి ఊదిన కొమ్ము నాకు గుర్తొచ్చింది. నా పుణ్యానికి ధర చెల్లించింది అతనే, నా పశ్చాత్తాపానికీ ధర చెల్లించింది అతనే. పోయిన శుద్ధిని పోయిందని ప్రకటించుకోవడం కూడా ఒక అలంకారమేనేమో అనిపించింది. ఇందులో నేనింకా ఒక నిర్ణయానికి రాలేదు. వేళ్ళు తెగినప్పుడే, అక్కడే, దొంగను మందలించకుండా పక్కన నిలబడి ఉంటే సరిపోయేదని మాత్రం ఇప్పటికి తోస్తోంది.

పోయిన నెల క్రిష్ణగిరి వెళ్ళాను. క్యాషియరు రిటైరై పదేళ్ళు దాటింది. నన్ను చూసి నొచ్చుకోలేదు, సంతోషించాడు. ఆట సంగతంతా చెబితే పడీపడీ నవ్వాడు. నవ్వాక, నేను ఎందుకొచ్చానో చెప్పాను. ఆరోజు నాకు తెలుసు అన్నాను.

"మీకు తెలుసని నాకు తెలుసు సార్. వెళ్ళమన్నది నేనే కదా" అన్నాడు. "మీరున్నా ఇచ్చేవాణ్ణే. నిజం చెప్పి ఉంటే ఇద్దరికీ ఇంక్రిమెంట్లు పోయేవి, నాకేం కలిసొచ్చేది కాదు."

కాసేపు ఊరుకున్నాడు. లోపల వాళ్ళావిడ కాఫీ కలుపుతున్న చప్పుడు.

"విచారణ రోజు ఉదయం పది నుంచి నాలుగు దాకా బయట బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చోబెట్టారు సార్. అది చాలా పొడవైన బెంచీ" అన్నాడు.

వచ్చే నాలుగో శనివారం మళ్ళీ ఆట ఉంది. ఆ కుర్రాడు కొత్త వేషం ఇంకా రాసుకోలేదట. ప్రాయశ్చిత్తం ఏమిటో ఆ అమ్మాయీ ఇంతవరకు చెప్పలేదు.